మూడు పోలికలుంటే శాంపిల్ సైజు ఎంత పెంచాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. నాలుగు గ్రూపులు: ఒకటి కంట్రోల్ (పోలిక కోసం ఉంచే గ్రూప్), మిగతా మూడు వేర్వేరు చికిత్సలు. ముఖ్యంగా చూసే కొలత ఒక్కటే, నొప్పి స్కోరు. దానితో పాటు నిద్ర, కదలిక లాంటి ఇంకో ఐదు కొలతలు కూడా నమోదు చేస్తారు. ఆల్ఫా (లేని తేడాను ఉందని పొరపాటున తేల్చే అవకాశం) 0.05, పవర్ (ఉన్న తేడాను పట్టుకునే అవకాశం) 80 శాతం, ప్రభావం (తేడా ఎంత పెద్దదో చెప్పే అంకె) 0.5 అని శాంపిల్ లెక్కలు వేసే జి-పవర్ సాఫ్ట్‌వేర్‌లో పెడితే గ్రూప్‌కు 64 మంది అని వచ్చింది. మీ గైడ్ చూసి 'బాన్ఫెరోని కరెక్షన్ పెట్టలేదేం?' అన్నారు, అంటే ఆల్ఫాను పోలికల సంఖ్యతో భాగించే సవరణ. ఇప్పుడు 0.05ను 3తో భాగించాలా, 6తోనా, 18తోనా, లేక 64నే మూడింతలు చేయాలా అన్నది మీ టెన్షన్.

ముందు జవాబు చెప్పేస్తాను. 3తో భాగించండి. గ్రూప్‌కు 86 మంది కావాలి. మధ్యలో మానేసేవాళ్లను కూడా లెక్కలోకి తీసుకుంటే 102. 64ను మూడింతలు చేయాల్సిన అవసరం ఎప్పుడూ రాదు. కానీ ఈ 3 అన్న అంకె ఎక్కడి నుంచి వచ్చిందో మీకు స్పష్టంగా తెలియకపోతే కమిటీ ముందు నిలబడి సమర్థించుకోలేరు. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

సవరణ ఎందుకో మీకు తెలిసే ఉంటుంది, ఒక్క మాటలో దాటేస్తాను. నిజానికి ఏ చికిత్సకూ ప్రభావం లేదనుకోండి. ఒక్క పరీక్ష చేస్తే పొరపాటున 'తేడా ఉంది' అని వచ్చే అవకాశం 5 శాతం. ఒకదానితో ఒకటి సంబంధం లేని మూడు పరీక్షలు చేస్తే కనీసం ఒక్కదాంట్లోనైనా అలా వచ్చే అవకాశం 14 శాతం దాటుతుంది. పదికి 40 శాతం, ఇరవైకి 64 శాతం. ఒక్కో పరీక్షకు ఆల్ఫా తగ్గించి ఈ మొత్తాన్ని 5 దగ్గరే ఆపడమే బాన్ఫెరోని చేసే పని.

అసలు కష్టం భాగించడంలో లేదు, ఎంతతో భాగించాలో తేల్చుకోవడంలో ఉంది. ఇక్కడే ఎక్కువ మంది సాఫ్ట్‌వేర్ ఎన్ని పి-విలువలు (తేడా నిజంగా లేకపోయినా ఇలాంటి ఫలితం యాదృచ్ఛికంగా వచ్చే అవకాశాలు) ఇస్తే అన్నిటితో భాగించేస్తారు. అది తప్పు దారి. మీ థీసిస్ చివర్లో, ముగింపు పేరాలో, 'ఫలానా చికిత్స పని చేస్తుందని మా అధ్యయనంలో తేలింది' అని ఏయే వాక్యాలు రాయాలనుకుంటున్నారో ఇప్పుడే ఒక కాగితం మీద రాయండి. ఆ వాక్యాల్లో ఏ ఒక్కటి నిజమైనా మీ అధ్యయనం గెలిచినట్టే అనుకుంటే, వాటన్నిటినీ కలిపి లెక్కపెట్టాలి. మీరు భాగించాల్సిన సంఖ్య అదే.

మీ విషయంలో అలాంటి వాక్యాలు మూడు. మొదటి చికిత్స కంట్రోల్ కంటే మెరుగు, రెండోది మెరుగు, మూడోది మెరుగు. చికిత్సలను వాటిలో వాటిని పోల్చి 'రెండోది మొదటిదాని కంటే మెరుగు' అని కూడా రాయాలనుకుంటే మొత్తం జతలు ఆరు అవుతాయి, అప్పుడు 6. ఆ పోలికలు మీ ప్రశ్నలో ఎక్కడా లేవు, కాబట్టి వాటి కోసం ఖర్చు పెట్టకండి. తర్వాత ఆసక్తి కొద్దీ చూసుకోవచ్చు, తేడా ఎంతో కాన్ఫిడెన్స్ ఇంటర్వల్‌తో (అసలు తేడా ఉండగల హద్దులతో) సహా చెప్పొచ్చు, 'నిరూపించాం' అని మాత్రం అనకూడదు.

మిగతా ఐదు కొలతల సంగతీ అంతే. వాటిని సెకండరీ (రెండో వరస కొలతలు) అని ప్రోటోకాల్‌లోనే (ముందే రాసుకునే అధ్యయన ప్రణాళికలోనే) పెట్టండి. శాంపిల్ సైజు ప్రైమరీ, అంటే ముఖ్యమైన, కొలత మీదే నిలబడాలి. ఆరు కొలతలూ మూడు పోలికలూ గుణించి 18తో భాగిస్తే, మీకు నిజంగా కావలసిన నొప్పి స్కోరు జవాబును పక్కన కూర్చున్న నిద్ర స్కోరు కోసం బలిపెట్టినట్టవుతుంది. అయితే ఒక షరతు ఉంది. ప్రైమరీలో ఏమీ రాక, నిద్రలో తేడా కనిపించిందని దాన్నే అధ్యయనం ఫలితంగా పైకి తేకూడదు. అలా తెచ్చే ఉద్దేశం ఏ మూలన ఉన్నా నిజాయితీగా ఇప్పుడే లెక్కలో కలపండి.

ఇంకో రకం కూడా ఉంది, దీన్ని చాలా మంది తలకిందులుగా చేస్తారు. కొన్ని అధ్యయనాల్లో రెండు కొలతలూ గెలిస్తేనే చికిత్స పని చేసినట్టు. ఒక్కటి గెలిస్తే చాలదు. వీటిని కో-ప్రైమరీ అంటారు. అక్కడ ఆల్ఫాను భాగించక్కర్లేదు, ఎందుకంటే పొరపాటున గెలవడానికి రెండు దారులు లేవు, రెండు తలుపులూ తెరుచుకోవాలి. కానీ పవర్ పడిపోతుంది కాబట్టి శాంపిల్ మాత్రం పెంచాల్సిందే. 'ఏదో ఒకటి గెలిస్తే చాలు' అన్నచోట ఆల్ఫా సమస్య, 'అన్నీ గెలవాలి' అన్నచోట పవర్ సమస్య. మీది ఏదో ముందు చూసుకోండి.

మీ గైడ్‌తో వాదన వస్తే తెలిసి ఉండాల్సిన మాట ఒకటుంది. సవరణ చేయాలా వద్దా అన్నదానిపై నిపుణుల్లోనే ఏకాభిప్రాయం లేదు. కెన్నెత్ రోత్‌మన్ 1990లో ఎపిడెమియాలజీ (జనంలో వ్యాధుల తీరును చదివే శాస్త్రం) పరిశోధనల గురించి రాస్తూ ఇలాంటి సవరణలు అక్కర్లేదని గట్టిగా వాదించారు. మూడు చికిత్సలూ ఒకదానికొకటి సంబంధం లేనివై, కంట్రోల్‌ను సౌకర్యం కోసం మాత్రమే పంచుకుంటే, అవి మూడు వేర్వేరు ట్రయల్స్ లాంటివేనని, సవరణ ఎందుకని అడిగేవాళ్లూ ఉన్నారు. ఆ వాదనలో బలం ఉంది. ఒకే మందు మూడు డోసులైతే మాత్రం సవరణ చేయాలనే ఎక్కువ మంది అంటారు, ఎందుకంటే ఏ డోసు గెలిచినా 'ఈ మందు పని చేస్తుంది' అనే కదా రాసేది. మీవి వేర్వేరు చికిత్సలే. కానీ మీ గైడ్ సవరణ అడిగారు, కమిటీ కూడా అడిగే అవకాశం ఎక్కువ. కాబట్టి సవరణతోనే వెళ్లండి. అదనంగా అయ్యే ఖర్చు మీరు భయపడుతున్నంత ఉండదు.

ఎంత ఉంటుందో లెక్క చేసి చూద్దాం. రెండు గ్రూపుల సగటులను పోల్చడానికి సూత్రం ఇది:

గ్రూప్‌కు సంఖ్య = 2 × (ఆల్ఫా జెడ్ + పవర్ జెడ్)² ÷ (ప్రభావం)²

ప్రభావం అంటే సగటుల మధ్య తేడాను స్టాండర్డ్ డీవియేషన్‌తో (స్కోర్లు సగటు నుంచి ఎంత చెదిరాయో చెప్పే కొలతతో) భాగిస్తే వచ్చేది. మీది 0.5. జెడ్ అంటే ఆ ఆల్ఫాకో పవర్‌కో నార్మల్ పంపిణీ పట్టికలో వచ్చే అంకె. రెండు వైపులా చూసే పరీక్షలో ఆల్ఫా 0.05కు జెడ్ 1.960. 80 శాతం పవర్‌కు జెడ్ 0.842. కలిపితే 2.802, వర్గం చేస్తే 7.85. దాన్ని రెండింతలు చేసి 0.25తో భాగిస్తే 62.8, అంటే 63. జి-పవర్ 64 ఎందుకు చూపించిందంటే అది జెడ్ బదులు టి పంపిణీ వాడుతుంది. చిన్న శాంపిల్స్‌లో ఆ తేడా ఉంటుంది, ఒకరిద్దరి కంటే ఎక్కువ కాదు.

ఇప్పుడు 0.05ను 3తో భాగిస్తే 0.0167. దానికి జెడ్ 2.394. పవర్ జెడ్ మారదు, 0.842 కలిపితే 3.236. వర్గం 10.47. రెండింతలు చేసి 0.25తో భాగిస్తే 83.8. టి పంపిణీకి సర్దితే 86.

64 నుంచి 86. సుమారు మూడో వంతు పెరిగింది, మూడింతలు కాలేదు. కారణం సూత్రంలోనే కనిపిస్తుంది. ఆల్ఫాను మూడో వంతు చేసినా జెడ్ 1.96 నుంచి 2.39కే పెరిగింది. పోలికలు పెరిగే కొద్దీ ఈ పెరుగుదల ఇంకా నెమ్మదిస్తుంది. ఇదే ప్రభావానికి, ఇదే పవర్‌కు రెండు పోలికలైతే 77, ఆరు పోలికలైతే 97, పదికి 107, ఇరవైకి 120. జన్యువుల పరిశోధనలో పది లక్షల పరీక్షలకు సరిపడేలా ఆల్ఫా 0.00000005 వాడతారు, దానికి లెక్కేసినా 317 మందే వస్తారు, అంటే ఒక్క పరీక్షకు కావలసినదానికి ఐదింతలు మాత్రమే. (ఇవన్నీ జెడ్‌తో వేసినవి, టి సర్దుబాటుకు ఒకరినో ఇద్దరినో కలుపుకోండి, చివరిదానికి మాత్రం ఏడెనిమిది మందిని.) అక్కడ నిజంగా వేలకు వేల మంది కావలసి రావడానికి కారణం కరెక్షన్ కాదు, ఒక్కో జన్యు తేడా ప్రభావం 0.5 ఎక్కడ, అందులో పదో వంతు కూడా ఉండకపోవడం.

మీ కొలత స్కోరు కాకుండా 'తగ్గింది, తగ్గలేదు' అన్న రకం అయినా ఇదే నిష్పత్తి పనిచేస్తుంది. కంట్రోల్‌లో 20 శాతం, చికిత్సలో 30 శాతం అని ఊహిస్తే సవరణ లేకుండా గ్రూప్‌కు 291, మూడు పోలికల సవరణతో 388. మళ్లీ అదే మూడో వంతు. కాబట్టి ఏ డిజైన్ అయినా చేతిలో ఒక అంచనా ఉంచుకోవచ్చు: 80 శాతం పవర్‌కు రెండు పోలికలుంటే 21 శాతం ఎక్కువ, మూడైతే 33, నాలుగైతే 42, ఐదైతే 49.

శాంపిల్ పెంచకుండా విశ్లేషణలో మాత్రం బాన్ఫెరోని వాడితే ఏమవుతుంది? ఎన్నో థీసిస్‌లలో నేను చూసేది ఇదే. శాంపిల్ సైజు అధ్యాయంలో 0.05, ఫలితాల అధ్యాయంలో 0.0167. గ్రూప్‌కు 64 మందితో ప్రభావం నిజంగా 0.5 ఉన్నా, మూడు పోలికల సవరణ తర్వాత దాన్ని పట్టుకునే అవకాశం 67 శాతానికి పడిపోతుంది. ఆరు పోలికలైతే 57. పది పోలికలైతే సరిగ్గా సగం. రోగులు ఇన్ని నెలలు మీకు సహకరించాక, పని చేసే చికిత్స పని చేస్తుందని తెలియడం బొమ్మా బొరుసా మీద ఆధారపడటం న్యాయం కాదు. ప్లాన్‌లోని ఆల్ఫా, విశ్లేషణలోని ఆల్ఫా ఒకటే ఉండాలి. మిగతావి మరిచిపోయినా ఇది మరవకండి.

ఇక పవర్ గురించి. '80 శాతం పవర్' అనగానే ఏ పవర్ అని అడగాలి. పైన 86 ఇచ్చేది ఒక్కో పోలికకు 80 శాతం. అంటే ఫలానా చికిత్స నిజంగా పని చేస్తే దాన్ని కనిపెట్టే అవకాశం 80. మూడూ పని చేస్తే మూడిటినీ ఒకేసారి కనిపెట్టే అవకాశం ఇంకా తక్కువ. మూడు పరీక్షలకూ సంబంధం లేకపోతే అది 51 శాతమే. కనీసం ఒక్కదాన్నైనా కనిపెట్టే అవకాశం 99. మీ మూడు పోలికలకూ కంట్రోల్ ఒకటే కాబట్టి అవి ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి. కంట్రోల్ గ్రూప్ స్కోరు యాదృచ్ఛికంగా కాస్త ఎక్కువో తక్కువో వస్తే మూడు పోలికలూ ఒకే దిక్కుకు కదులుతాయి. అందువల్ల మొదటి అంకె 51 కంటే పైన, రెండోది 99 కంటే కింద ఉంటాయి.

మీకు ఏది కావాలి? 'ఏదో ఒక చికిత్స పని చేస్తుందని చెబితే చాలు' అంటే 86 కూడా ఎక్కువే. 'మూడిటి గురించీ నమ్మకంగా చెప్పాలి' అంటే 86 చాలదు. మూడూ కలిసి 80 శాతం రావాలంటే ఒక్కోదానికి 93 శాతం పవర్ పెట్టాలి, అప్పుడు గ్రూప్‌కు దాదాపు 120 అవుతుంది. నా అభిప్రాయం అడిగితే, చికిత్సలు వేర్వేరు అయినప్పుడు ఒక్కో పోలికకు 80 శాతం అన్నదే సబబు, ఎందుకంటే చదివే డాక్టరు కూడా ఒక్కో చికిత్స గురించే అడుగుతారు. ఏది ఎంచుకున్నా ఆ మాట ప్రోటోకాల్‌లో ఉండాలి.

జి-పవర్‌లో ఒక ఉచ్చు ఉంది, మీరు ఇప్పటికే అందులో పడకపోవడం మంచిది. నాలుగు గ్రూపులు కదా అని చాలా మంది అనోవా (గ్రూపులన్నిటి సగటులనూ ఒకేసారి పోల్చే పరీక్ష) ఎంచుకుని, ఎఫ్ ప్రభావం 0.25, గ్రూపులు 4 అని పెడతారు. జవాబు 180 వస్తుంది. మొదటి సంగతి, అది మొత్తం సంఖ్య, గ్రూప్‌కు కాదు; అంటే గ్రూప్‌కు 45. రెండో సంగతి, ఆ 45 జవాబిచ్చే ప్రశ్న 'నాలుగు గ్రూపుల్లో ఎక్కడో ఒకచోట తేడా ఉందా?' అన్నది. మీ ప్రశ్న అది కాదు. గ్రూప్‌కు 45 మందితో, మూడు పోలికల సవరణతో, 0.5 ప్రభావాన్ని కంట్రోల్‌తో పోల్చి పట్టుకునే అవకాశం 49 శాతం. అనోవాలో తేడా వచ్చింది, పోస్ట్-హాక్‌లో (ఆ తర్వాత చేసే జతల పోలికల్లో) ఏమీ రాలేదు అని వాపోయేవాళ్ల కథ ఎక్కువగా ఇదే. మీరు రాయబోయే వాక్యం జతల పోలిక అయితే, శాంపిల్ లెక్క కూడా జతల పోలికకే వేయాలి. జి-పవర్‌లో రెండు స్వతంత్ర గ్రూపుల టి-టెస్ట్ తీసుకుని ఆల్ఫా పెట్టె‌లో 0.0167 టైప్ చేయండి. అంతే.

బాన్ఫెరోని కంటే మెరుగైనవి లేవా అంటే ఉన్నాయి. మీ డిజైన్‌కు అచ్చంగా సరిపోయేది డన్నెట్ పద్ధతి, 1955 నాటిది. అనేక చికిత్సలను ఒకే కంట్రోల్‌తో పోల్చడానికే పుట్టింది. ఇందాక చెప్పిన ముడిని అది లెక్కలోకి తీసుకుంటుంది. మూడు పోలికలకు పెద్ద శాంపిల్‌లో దాని హద్దు 2.35, బాన్ఫెరోనిది 2.39. శాంపిల్‌లో తేడా గ్రూప్‌కు ఇద్దరు ముగ్గురు. అన్ని జతలనూ పోల్చేటప్పుడు వాడే ట్యూకీ కూడా ఇంతే. నాలుగు గ్రూపులకు 97 బదులు 94. కాబట్టి శాంపిల్ సైజు బాన్ఫెరోనితో వేసి, విశ్లేషణ డన్నెట్‌తో చేస్తే మీకు కొంచెం మిగులు ఉంటుంది, నష్టం ఏమీ లేదు.

కానీ అందులోంచే వచ్చే ఇంకో ఆలోచన నిజంగా పనికొస్తుంది, దాన్ని తక్కువ మంది వాడతారు. కంట్రోల్ గ్రూప్ మూడు పోలికల్లోనూ పాల్గొంటుంది, ఒక్కో చికిత్స గ్రూప్ ఒక్కదాంట్లోనే. అలాంటప్పుడు అందరికీ సమానంగా పంచడం దేనికి? చికిత్సల సంఖ్యకు వర్గమూలం ఎంతో, కంట్రోల్‌లో అన్ని రెట్లు ఎక్కువ మందిని పెడితే మొత్తం సంఖ్య అతి తక్కువ అవుతుంది. మూడు చికిత్సలకు అది 1.73. చికిత్స గ్రూపుల్లో 67 మంది చొప్పున, కంట్రోల్‌లో 115 పెడితే మొత్తం 316. సమానంగా పంచితే అదే జెడ్ లెక్కలో 84 చొప్పున 336. ఇరవై మంది తగ్గారు, పవర్ తగ్గలేదు. కంట్రోల్‌లో రోగిని చేర్చడం తేలికైతే ఇది ఇంకా లాభం. కంట్రోల్ అంటే ప్లాసిబో అయ్యి, అందులో చేరడానికి రోగులు ఇష్టపడని చోట మాత్రం ఇబ్బంది, అప్పుడు సమానంగానే పంచండి.

హోల్మ్ పద్ధతి (1979) గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే బాన్ఫెరోని వాడేచోట దాన్ని వాడకపోవడానికి కారణమే లేదు. పి-విలువలను చిన్నదాని నుంచి పెద్దదానికి పేర్చండి. మొదటిదాన్ని 0.05÷3తో, అది గెలిస్తే రెండోదాన్ని 0.05÷2తో, అదీ గెలిస్తే మూడోదాన్ని 0.05తో పోల్చండి. ఎక్కడ ఓడితే అక్కడ ఆపేయాలి. మీకు 0.012, 0.021, 0.040 వచ్చాయనుకోండి. బాన్ఫెరోనిలో మొదటిది మాత్రమే గెలుస్తుంది. హోల్మ్‌లో 0.012 అన్నది 0.0167 కంటే తక్కువ, 0.021 అన్నది 0.025 కంటే తక్కువ, 0.040 అన్నది 0.05 కంటే తక్కువ, మూడూ గెలిచాయి. మొత్తం తప్పు అవకాశం రెండిట్లోనూ 5 శాతమే. శాంపిల్ సైజుకు హోల్మ్ కోసం ప్రత్యేక సూత్రం వెతుక్కోవద్దు. బాన్ఫెరోనితో వేసిన సంఖ్య హోల్మ్‌కు ఎప్పుడూ సరిపోతుంది, ఎందుకంటే బాన్ఫెరోని గెలిపించిన ప్రతిదాన్నీ హోల్మ్ గెలిపిస్తుంది.

ఆల్ఫాను అసలు భాగించకుండా ఉండే దారి కూడా ఒకటుంది: వరసగా పరీక్షించడం. మొదట ఏ చికిత్సను పరీక్షిస్తారో, తర్వాత ఏదో డేటా రాకముందే రాసిపెడతారు. ప్రతిదానికీ పూర్తి 0.05. మొదటిది ఓడిపోతే మిగతావాటి వైపు చూడకూడదు. గ్రూప్‌కు 64 మందే చాలు. ఎక్కువ డోసు మొదట, తక్కువ డోసు తర్వాత లాంటి సహజమైన వరస ఉంటే ఇది చక్కగా పనిచేస్తుంది. మీ మూడు చికిత్సల్లో ఏది బలమైందో మీకే తెలియదు కదా, అందుకే మీకు సిఫారసు చేయను. వరస తప్పితే మంచి చికిత్స కళ్ల ముందే ఉండి కూడా దాని గురించి మాట్లాడలేని పరిస్థితి వస్తుంది.

వందలు, వేల పరీక్షల అధ్యయనాలు వేరే లోకం. మీకు ఇప్పుడు అవసరం లేకపోయినా ఇదే ప్రశ్నతో వచ్చేవాళ్ల కోసం రాస్తున్నాను. అక్కడ 'ఒక్క తప్పు కూడా రాకూడదు' అనడం అనవసరమైన కాఠిన్యం. బెంజమిని, హాక్‌బర్గ్ 1995లో ప్రతిపాదించిన ఎఫ్‌డీఆర్ (ఫాల్స్ డిస్కవరీ రేట్) పద్ధతిలో, మనం ప్రకటించిన ఫలితాల్లో సగటున ఎంత శాతం తప్పు ఉండొచ్చో ముందే ఒప్పుకుంటాం. శాంపిల్ లెక్క ఇలా సాగుతుంది. 1000 జన్యువులు, వాటిలో నిజమైన తేడా ఉన్నవి 50 అని ఊహించండి. 80 శాతం పవర్‌తో 40 దొరుకుతాయి. తప్పులు 5 శాతం దాటకూడదంటే ఆ 40కి తోడు సుమారు 2.1 తప్పులు రావొచ్చు. తేడా లేని 950లో 2.1 అంటే ఒక్కో పరీక్షకు ఆల్ఫా దాదాపు 0.0022. ప్రభావం 0.5 అయితే గ్రూప్‌కు 122. అదే బాన్ఫెరోనితో ఆల్ఫా 0.00005, గ్రూప్‌కు 192. ఇక్కడ పద్ధతి ఎంపిక వల్ల వచ్చే తేడా పెద్దది. అయితే 50 అన్నది మన ఊహ. అది 10 అయితే లెక్క మారిపోతుంది కాబట్టి రెండు మూడు ఊహలతో వేసి చూపించాలి.

ఇంతవరకు కరెక్షన్ గురించే మాట్లాడాను కానీ, మీ శాంపిల్ సైజును నిజంగా శాసించేది 0.5 అన్న అంకె. అది ఎక్కడి నుంచి తెచ్చారు? ప్రభావం 0.5 కాక 0.4 అయితే, మూడు పోలికల సవరణతో జెడ్ లెక్కలోని 84 కాస్తా 131 అవుతుంది. కరెక్షన్ వల్ల పెరిగింది ఇరవై మంది, ప్రభావం కొంచెం తగ్గితే పెరిగింది యాభై మందికి దగ్గర. 'మధ్యస్థ ప్రభావం' అని పుస్తకంలో ఉంది కాబట్టి 0.5 అనకండి. రోగికి ఉపయోగం ఉందని అనిపించే కనీస తేడా ఎన్ని పాయింట్లో మీ విభాగంలో సీనియర్లను అడగండి. స్టాండర్డ్ డీవియేషన్ పాత అధ్యయనాల నుంచి తీసుకోండి. 10 పాయింట్ల తేడా ముఖ్యం, డీవియేషన్ 20 అయితే మీ 0.5 నిలబడుతుంది. డీవియేషన్ 25 అయితే 0.4. ఒకటి మాత్రం చేయకండి: కరెక్షన్ వల్ల పెరిగిన సంఖ్యను కిందికి దించడానికి ప్రభావాన్ని 0.5 నుంచి 0.58కి పెంచడం. కాగితం మీద 64 తిరిగి వస్తుంది, రోగుల్లో ఆ ప్రభావం పెరగదు.

మధ్యలో మానేసేవాళ్ల సర్దుబాటు అన్నిటికంటే చివర చేయాలి, అదీ భాగించి. 15 శాతం మానేస్తారనుకుంటే 86ను 0.85తో భాగిస్తే 101.2, అంటే 102. 86కి 15 శాతం కలిపితే 99 వస్తుంది, కానీ 99లో 15 శాతం పోతే మిగిలేది 84, మీకు కావలసిన 86 కాదు.

ప్రోటోకాల్‌లో ఈ పేరా దాదాపు ఇలా రాయండి: 'ప్రైమరీ కొలత 12వ వారం నొప్పి స్కోరు. మూడు చికిత్సల్లో ప్రతిదాన్నీ కంట్రోల్‌తో పోలుస్తాం; మొత్తం టైప్-1 తప్పు 0.05 మించకుండా ఒక్కో పోలికకు రెండు వైపుల ఆల్ఫా 0.0167గా తీసుకున్నాం. 10 పాయింట్ల తేడాను, 20 స్టాండర్డ్ డీవియేషన్‌తో, ఒక్కో పోలికకు 80 శాతం పవర్‌తో కనిపెట్టడానికి గ్రూప్‌కు 86 మంది, 15 శాతం మానేస్తారన్న అంచనాతో 102 మంది, మొత్తం 408 మంది అవసరం. విశ్లేషణలో హోల్మ్ పద్ధతి వాడతాం. సెకండరీ కొలతల ఫలితాలను అన్వేషణాత్మకంగానే చూస్తాం.' వారం, పాయింట్లు మీవి పెట్టుకోండి. డేటా మధ్యలో ఒకసారి చూసి ఆపాలా వద్దా అని నిర్ణయించే ఆలోచన ఉంటే అది కూడా ఇందులో రావాలి, ఎందుకంటే మధ్యలో చూసే ప్రతి చూపూ ఇంకో పోలికే.

చివరగా, 408 మంది దొరకరు, ఉన్న సమయంలో మానేసేవాళ్లు పోగా 260 మందే మిగులుతారు అన్న పరిస్థితి మీకు రావచ్చు. అప్పుడు అందరూ చేసేది నాలుగు గ్రూపులకూ 65 మంది చొప్పున పంచేసి పని కానివ్వడం. దాంతో ఒక్కో పోలికకు పవర్ 68 శాతం. దాని బదులు మూడు చికిత్సల్లో మీకు నమ్మకం తక్కువున్న దాన్ని ఇప్పుడే తీసేయండి. మూడు గ్రూపులు, గ్రూప్‌కు 86, పోలికలు రెండే కాబట్టి ఆల్ఫా 0.025. పవర్ 85 శాతం అవుతుంది. మనుషులు అంతే, ప్రశ్న ఒకటి తగ్గింది. ఏ చికిత్సను తీసేయాలన్నది గణాంకాలు చెప్పే విషయం కాదు. మీరూ మీ గైడూ కూర్చుని తేల్చుకోవాలి, రోగుల నమోదు మొదలుకాకముందే.